ఫోన్ అద్దం మీద నూనె పట్టని పూత పోయిందట, మళ్లీ వేయించొచ్చా?

జీడితోట, పలాస:

నమస్తే అండి. మాది పలాస, ఇంటి వెనకే చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. ఎనిమిది నెలల కిందట ఫోన్ కొన్నాను. కొన్న కొత్తలో వేలు పెడితే జర్రున జారేది, మరక పడినా లుంగీ అంచుతో ఒక్కసారి తుడిస్తే పోయేది. ఇప్పుడు ఎంత తుడిచినా మరక పోదు, ఈ చివర నుంచి ఆ చివరకి పులుముకుంటుంది అంతే. స్క్రీన్ మధ్యలో, కింద కీబోర్డు వచ్చే చోట మరీ ఎక్కువ. ఎండలో కాటా దగ్గర నిలబడి బరువులు ఎక్కించుకోవాలన్నా, డబ్బులు పడ్డాయో లేదో మెసేజ్ చూసుకోవాలన్నా చేత్తో నీడ పెట్టుకుని చూడాల్సి వస్తోంది.

షాపులో అడిగితే "ఆయిల్ పట్టకుండా దాని మీద ఒక కోటింగ్ ఉంటుంది, అది అరిగిపోయింది, నానో లిక్విడ్ వేస్తాను, 300 అవుతుంది" అన్నాడు. ఇంటర్లో నాకు కెమిస్ట్రీ అంటే ఇష్టం, ఆ తర్వాత చదవలేకపోయాను, కానీ ఆ సీసా చూసినప్పటి నుంచి ఇదే ఆలోచన. అసలు ఆ కోటింగ్ ఏటి? కంటికి కనపడదు, గోటితో గీరితే రాదు, మరి ఎలా పోయింది? ఆ సీసాలోది వేస్తే నిజంగా తిరిగొస్తుందా, లేక పైపైన మెరుపేనా? ఇన్నాళ్లూ నేను తుడవడానికి వాడినవి కూడా చెప్పేస్తాను, చేతులకి రాసుకునే శానిటైజర్, కిటికీ అద్దాలకి కొట్టే నీలం లిక్విడ్, ఒకసారి వీడియో చూసి టూత్‌పేస్ట్. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, పొడుగైనా పర్లేదు, మొత్తం చదువుతాను.

మూడులాంతర్లు, విజయనగరం:

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. బాబూ, మంచి ప్రశ్న అడిగావు, కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు మరక సంగతి. వేలి కొసల్లో నూనె గ్రంథులు లేవు, అక్కడ ఉన్నవన్నీ చెమట గ్రంథులే. చెమటలో దాదాపు అంతా నీరే, మిగిలింది కాస్త ఉప్పు, లాక్టేట్, యూరియా, అమైనో ఆమ్లాలు. మరి అద్దం మీద నూనె ఎక్కడిది? మన మొహానిది. నుదురు, ముక్కు, జుట్టు రోజంతా తెలియకుండానే తడుముకుంటాం, అక్కడి జిడ్డు వేళ్లకి ఎక్కి వేళ్ల నుంచి అద్దానికి చేరుతుంది. అందులో ట్రైగ్లిజరైడ్లు, మైనంలాంటి ఎస్టర్లు, స్క్వాలీన్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. నీరు ఆరిపోయాక ఉప్పూ ఈ జిడ్డూ మిగులుతాయి. ఆ జిడ్డు చిన్నచిన్న బొట్లుగా, గీతలుగా నిలబడి వెలుగుని చెదరగొడుతుంది కాబట్టే మనకి మసగ్గా కనిపిస్తుంది.

ఇప్పుడు అద్దం. గాజు పైభాగం నిండా సిలికాన్‌కి అతుక్కున్న హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఉంటాయి, అవి దగ్గరికి వచ్చిన దేన్నైనా గట్టిగా లాక్కుంటాయి. ఒక ద్రవం బొట్టుగా నిలబడాలంటే తనని తాను పట్టుకునే బలం, కింద ఉన్న ఉపరితలం లాగే బలం కంటే ఎక్కువ ఉండాలి. తనని తాను పట్టుకునే ఆ బలాన్నే తలతన్యత అంటాం, నీటిది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, మన ఒంటి జిడ్డులాంటి నూనెలది 30 దగ్గర. అంటే నూనెకి తనని తాను పట్టుకునే శక్తి తక్కువ, ఏది లాగితే దాని మీద పరుచుకుపోతుంది. దాన్ని ఆపాలంటే అద్దం లాగుడు 20 కంటే కిందికి దిగాలి. అంత కిందికి దింపగలిగేది, ఇప్పటిదాకా మనకి బాగా అందుబాటులో ఉన్నది, ఫ్లోరిన్. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లని ఎంత బిగించి పట్టుకుంటుందంటే పక్క అణువుతో ఆ చిన్నపాటి వాండర్‌వాల్స్ ఆకర్షణకి కూడా పెద్దగా లొంగదు. 1938లో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్ట్‌కి అనుకోకుండా దొరికిన టెఫ్లాన్ పెనానికి అట్టు అంటకుండా చేసేది కూడా ఈ గుణం వల్లే.

కానీ టెఫ్లాన్‌ని అద్దానికి అతికించడం కష్టం, దేనికీ అంటనిది అద్దానికి మాత్రం ఎందుకు అంటుతుంది? అందుకని రెండు కొసలకీ రెండు స్వభావాలున్న అణువుని తయారుచేశారు. ఒక కొస పెర్‌ఫ్లోరోపాలీఈథర్ అనే పొడుగాటి తోక, కార్బన్, ఫ్లోరిన్, మధ్య మధ్య ఆక్సిజన్. రెండో కొస సిలికాన్, దానికి మూడు మెథాక్సీ సమూహాలు. గాలిలో తడి తగలగానే ఆ మెథాక్సీలు మెథనాల్‌గా విడిపోయి వాటి చోట హైడ్రాక్సిళ్లు వస్తాయి, అవి గాజు మీది హైడ్రాక్సిళ్లతో కలిసి ఒక నీటి అణువుని వదిలేసి సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధంగా బిగుసుకుంటాయి. వరి నాటు వేసినట్టే అనుకో, వేరు గాజులో, ఆకు పైకి. ఆ తోక మధ్యలో ఉన్న ఆక్సిజన్ల దగ్గర అణువు సులువుగా మెలి తిరుగుతుంది, అందుకే వేలికి ఆ జారుడు తెలుస్తుంది. మందం మహా అయితే పది ఇరవై నానోమీటర్లు. ఇక గోటికి ఏం చిక్కుతుంది?

ఒక విషయం మాత్రం షాపులవాళ్లు తప్పుగా చెబుతారు. ఈ పూత ఉన్నా వేలిముద్ర పడుతుంది. పూత బాగున్న అద్దం మీద నీటిబొట్టు అంచు అద్దంతో 110 డిగ్రీల పైన కోణం చేస్తూ గుండ్రంగా లేచి నిలబడుతుంది, నూనెబొట్టు మాత్రం 70 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అంటే కొంత పరుచుకుంటుంది. పూత వల్ల వచ్చే లాభం, ఆ నూనె గట్టిగా పట్టుకోదు, గుడ్డకి తేలిగ్గా వచ్చేస్తుంది. నీకు కొత్తలో ఒక్క తుడుపుతో పోయింది అందుకే.

ఎలా పోయింది అంటావా, టూత్‌పేస్ట్‌లో సున్నపురాయి పొడి, సిలికా లాంటి రుద్దుడు పదార్థాలు ఉంటాయి, దాంతో నాటిన నారు పీకేసినట్టే. కిటికీ లిక్విడ్లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, క్షారం ఆ సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని తెంపుతుంది. శానిటైజర్‌లో ఆల్కహాల్ వల్ల పెద్ద నష్టం లేదు కానీ ఆ జెల్‌లో గ్లిజరిన్, కార్బోమర్ ఉంటాయి, అవి ఆరాక అద్దం మీద ఇంకో పొరగా మిగులుతాయి, నీకు కనిపించే మసకలో కొంత అదే కావచ్చు. ఒకసారి టూత్‌పేస్ట్ రాసినందుకే ఇంత అరగదు, ఇంకేదో ఉంది. మీ యూనిట్‌లో పిక్కలు కోసేటప్పుడు, ఒలిచేటప్పుడు చేతులకి ఏం రాసుకుంటారు? నూనా, బూడిదా?

ఏడురోడ్ల రిపేర్, శ్రీకాకుళం:

మాస్టారు చెప్పిన కెమిస్ట్రీ నాకు తెలీదు కానీ పదకొండేళ్లుగా శ్రీకాకుళంలో డిస్‌ప్లేలు మారుస్తున్నాను, వేలు పెడితే చెప్పేస్తాను కోటింగ్ ఉందో లేదో. తమ్ముడూ, 300 ఇచ్చే ముందు నీళ్ల బొట్టు పరీక్ష చెయ్యి. ఫోన్ ఆపేసి, బల్ల మీద పడుకోబెట్టి, స్క్రీన్ పై మూల ఒక బొట్టు, మధ్యలో ఒక బొట్టు వెయ్యి, స్పీకర్ రంధ్రాలకి దూరంగా. పై మూలన వేలు ఎక్కువ పడదు కాబట్టి అక్కడ కోటింగ్ ఇంకా ఉంటుంది. అక్కడ బొట్టు ముత్యంలా నిలబడి, మధ్యలోది చప్పిడిగా పరుచుకుంటే కోటింగ్ అరిగినట్టు. రెండు చోట్లా పరుచుకుంటే అసలు ఆ గ్లాసే మార్చిందేమో చూసుకోవాలి, మార్కెట్లో దొరికే చౌక గ్లాసుల మీద చాలాసార్లు కోటింగ్ ఉండదు, ఉన్నా నెలకి పోతుంది. ఇది నేను కస్టమర్లకి ముందే చెబుతాను, చెప్పకుండా వేస్తే తర్వాత వాళ్లు వచ్చి బాధపడతారు.

ఇంకోటి, నీ ఫోన్ మీద టెంపర్డ్ గ్లాస్ ఉందా? ఉంటే అరిగింది దాని కోటింగ్, ఫోన్‌ది కాదు, అది తీసి కొత్తది వేసుకో, లిక్విడ్ అక్కర్లేదు. ఆ అట్టపెట్టెల మీద 9హెచ్ అని రాస్తారు కదా, అది పెన్సిల్ గట్టితనం లెక్క, 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని. దానికీ జిడ్డు పట్టకపోవడానికీ సంబంధం లేదు. మన భావనపాడు బీచ్ ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది, ఎర్రగా మెరిసే గార్నెట్ ఉంటుంది, అవి అద్దం కన్నా గట్టివి. ఆ ఇసుక చేతులతో ఫోన్ తీస్తే 9హెచ్ అయినా ఏదైనా గీతలే.

సీసాల సంగతి. రెండు రకాలు వస్తాయి. ఒకటి ఆరాక గాజులాంటి పొర కడుతుంది అని అమ్మేది, జారుడు కొన్నాళ్లే. రెండోది నిజంగా ఫ్లోరిన్ ఉన్నది, చిన్న సీసాలో వస్తుంది, ధర కొంచెం ఎక్కువ. ఏది వేసినా అద్దం కడగకుండా వేస్తే వారానికి పోతుంది, మా వీధిలో చాలామంది అలాగే వేస్తున్నారు, ఫోన్ తీసుకుని రెండు చుక్కలు రాసి రెండు నిమిషాల్లో చేతిలో పెట్టేస్తారు. దానికి డబ్బులు ఇవ్వొద్దు.

జీడితోట, పలాస:

అన్నా, బొట్టు పరీక్ష చేశాను. టెంపర్డ్ లేదు, ఫోన్ అద్దమే. కెమెరా పక్కన మూలలో వేసిన బొట్టు గుండ్రంగా, కొంచెం వంచగానే జారిపోయింది. కీబోర్డు చోట వేసింది పల్లెంలో పప్పుచారులా పరుచుకుంది. ఒకే అద్దం మీద ఇంత తేడా కళ్లారా చూశాను, చాలా ఆశ్చర్యంగా ఉంది.

మాస్టారూ, మీరు అడిగింది బూడిద. మా దగ్గర పిక్క ఉడకబెట్టి కటింగ్ మిషన్ మీద కోస్తారు, కోసేటప్పుడు జీడి నూనె చేతికి తగిలి చర్మం కాలిపోతుంది, అందుకని అమ్మావాళ్లు పొయ్యి బూడిద చేతులకి పట్టిస్తారు, నేను కూడా అంతే. చేతులు కడిగే తీరిక ఉండదు, ఆ చేతుల్తోనే ఫోన్ తీసి బరువు ఎక్కిస్తాను, లుంగీకి తుడుస్తాను. నేను ఇన్నాళ్లూ జీడి నూనె వల్లే పాడైందనుకున్నాను. జీడి నూనె తినేస్తుందా ఆ కోటింగ్‌ని?

మూడులాంతర్లు, విజయనగరం:

అనుకున్నాను. జీడి నూనె దోషం తక్కువ. అందులో ఉన్నవి అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, వేడి తగిలితే వచ్చే కార్డనాల్, అన్నిటికీ ఒక బెంజీన్ వలయం, దానికి 15 కార్బన్ల తోక. చర్మాన్ని కాలుస్తాయి కానీ ఫ్లోరిన్ తోకల్లో ఈ హైడ్రోకార్బన్ తోకలు కలవవు, పైనే ఉంటాయి. కాకపోతే ఆ తోకల్లో ద్విబంధాలు ఉంటాయి కాబట్టి గాలికి వదిలేస్తే చిక్కబడి వార్నిష్‌లా గట్టిపడతాయి, జీడి నూనెతో వార్నిష్‌లు, బండ్ల బ్రేకు లైనింగులు చేసేది ఆ గుణాన్ని బట్టే. పడిన రోజే తుడిచేసుకో, చాలు.

బూడిద వేరు. మన అమ్మమ్మలు గిన్నెల జిడ్డు బూడిదతో ఎందుకు తోమేవారు? ఒకటి, అందులో పొటాషియం కార్బొనేట్ ఉంది, తడిస్తే మంచి క్షారం. రెండు, సన్నటి గరుకు. నీ చెమట చేతులతో ఆ రెండూ అద్దం మీదికి వచ్చాయి, ఆపైన లుంగీతో గట్టిగా రుద్దావు, రోజుకి ఎన్నిసార్లో! ఎనిమిది నెలలు ఫోన్‌ని గిన్నెలా తోమావన్నమాట. రెండిట్లో గరుకుదే పెద్ద వాటా అని నా అభిప్రాయం, ఎందుకంటే క్షారం పని చేయాలంటే తడి కాసేపు నిలవాలి. వేలు పడని మూలలో పూత బాగుందంటున్నావు, రుద్దుడు ఉన్నచోటే పోయింది, అది కూడా దీనికే సరిపోతోంది.

నా సలహా, బూడిద మానమని అమ్మకి చెప్పకు, చేతులు ముఖ్యం. ఫోన్‌ని కాటా దగ్గర ఒక పల్చటి జిప్ కవర్లో పెట్టి వాడు, టచ్ పనిచేస్తుంది. తుడిచే ముందు ఊది దుమ్ము దులుపు, తర్వాత కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. దాని పోగులు చీలి అంచులు తేలి ఉంటాయి, జిడ్డుని లోపలికి లాక్కుంటాయి. గుడ్డ శుభ్రంగా ఉంటే మన పొందూరు ఖద్దరు ముక్క కూడా మంచిదే, బూడిద పట్టిన లుంగీ మాత్రం వద్దు. జిడ్డు మొండిగా ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసి తుడువు, ఫోన్ మీద పోయకు. ఆపిల్ కూడా తన ఫోన్లకి 70 శాతం ఐసోప్రొపైల్ వైప్స్ పర్వాలేదని, బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దని చెబుతుంది.

రాజాం అమ్మాయి:

మాది రాజాం, ఇప్పుడు చెన్నై వైపు కళ్లద్దాల లెన్సులకి పూతలు వేసే చోట పని చేస్తున్నాను. లెన్సుల మీద చివరి పొరా ఫోన్ల మీద పొరా ఒకే కుటుంబం, అందుకే రాస్తున్నాను. ఫ్యాక్టరీలో దీన్ని గుడ్డతో రాయరు. పెద్ద శూన్యపు గదిలో లెన్సులు గొడుగులాంటి చట్రానికి పెట్టి, గాలి తీసేసి, ముందు అయాన్లతో ఉపరితలం శుభ్రం చేస్తాం. తర్వాత సిలికా పొర, ఆ సిలికా మీద తాజాగా బోలెడు హైడ్రాక్సిళ్లు పుడతాయి, అవే వేళ్లూనడానికి చోటు. ఆఖర్న ఫ్లోరిన్ మందు బిళ్లని వేడి చేస్తే ఆవిరై లెన్సు మీద కూర్చుంటుంది. బయటికి తీశాక ఆ లెన్సు ఎంత జారుడంటే ఫ్రేముకి సరిపడా అంచు కోసే మిషన్లో తిరిగిపోతుంది, జారకుండా ప్రత్యేకమైన స్టిక్కర్ అంటించి కోయాలి. మొదటిసారి నా చేతిలోంచి జారినప్పుడు చాలా భయపడ్డాను.

ఫోన్ గ్లాసుకి చేసే పరీక్ష ఏమిటంటే, అతి సన్నటి ఉక్కు పీచు, నాలుగు సున్నాల గ్రేడు అంటారు, దాన్ని కిలో బరువు కింద పెట్టి వేలసార్లు అటూ ఇటూ రుద్దుతారు, తర్వాత నీటిబొట్టు కోణం ఇంకా 100 డిగ్రీల పైన ఉందా అని కొలుస్తారు. ఐఫోన్‌లో ఈ పూత 2009లో 3జీఎస్‌తో వచ్చింది, అప్పటి నుంచి ఇప్పటికి మన్నిక బాగా పెరిగింది, కానీ ఎప్పటికీ అరగని పూత మాత్రం రాలేదు.

సీసా కొనేవాళ్లకి ఒక మాట. ఆ మందు తడి తగలగానే పని మొదలుపెడుతుంది అని మాస్టారు చెప్పారు కదా, సీసా మూత తీసి పెట్టినా అంతే, లోపలే ఒకదానితో ఒకటి అతుక్కుని గడ్డకడుతుంది. మన తీరం వైపు గాలిలో తడి ఎక్కువ, తెరిచిన సీసా నిలవ ఉండదు. షాపులో ఎప్పుడో తెరిచి సగం వాడిన సీసాలోంచి వేయించుకోవద్దు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈ ఫ్లోరిన్ పదార్థాలు పీఫాస్ అనే పెద్ద కుటుంబంలోవి, కార్బన్-ఫ్లోరిన్ బంధం ప్రకృతిలో తొందరగా తెగదు, నీళ్లలో మట్టిలో అలాగే ఉండిపోతాయి. 2023లో యూరప్‌లో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే కలిసి ఈ కుటుంబం మొత్తాన్ని కట్టడి చేయాలని ప్రతిపాదించాయి. ఫోన్ మీద ఉన్నది అతి కొంచెం, గట్టిగా అతుక్కుని ఉంటుంది, దానికి టెన్షన్ వద్దు. కానీ నెలకోసారి సరదాగా సీసా కొట్టడం, మిగిలింది సింకులో పోయడం నాకు నచ్చదు, దయచేసి అలా చేయకండి.

నాగావళి గట్టు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. తామరాకు మీద నీటిబొట్టు నిలవదు కదా, దానికి ఫ్లోరిన్ ఎక్కడుంది? ఆ ఆకు మీదుండే గరుకులాంటిది అద్దం మీద చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

మూడులాంతర్లు, విజయనగరం:

ఇంట్లో చేమాకు ఉంటే చూడండి, అదీ తామరాకులాంటిదే. నీళ్లు వేయండి, పాదరసంలా దొర్లుతుంది. తర్వాత ఒక చుక్క కొబ్బరినూనె వేయండి, వెంటనే పరుచుకుని ఆకుకి అంటుకుపోతుంది. ఆకు మీద ఉన్నది మైనం, దాని మీద సన్నటి బుడిపెలు, వాటి మధ్య గాలి. నీటికి అది చాలు, నూనెకి చాలదు. నూనెని కూడా దొర్లించాలంటే పుట్టగొడుగులా పైన వెడల్పు, కింద సన్నం ఉన్న నిర్మాణాలు, వాటి మీద ఫ్లోరిన్ కావాలి, 2007లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు అలాంటివి చేసి చూపించారు. కానీ వేలితో నాలుగుసార్లు రుద్దితే ఆ గొడుగులు విరిగిపోతాయి, రోజుకి వందలసార్లు వేలు పడే అద్దానికి అది నిలవదు.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఉంది. జిడ్డు వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందనే లెక్క, గాజుదానికి దగ్గరే, కాబట్టి దాన్ని బొట్లుగా నిలబెట్టే బదులు నూనెని ఇష్టపడే పూత వేసి పల్చగా పరిచేస్తే మరక కంటికి కనిపించదు. స్టీలు ఫ్రిజ్ తలుపుల మీద, నిగనిగలాడే ప్లాస్టిక్ మీద ఇది బాగుంటుంది. ఫోన్‌కి మాత్రం నాకు మొదటి దారే నచ్చుతుంది, జిడ్డు కనపడకుండా ఉండటం కంటే తుడిస్తే పోవడం మేలు.

జీడితోట, పలాస:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. శ్రీకాకుళం వెళ్లినప్పుడు సీలు తీయని ఫ్లోరిన్ సీసా చిన్నది తీసుకున్నాను. రాత్రి యూనిట్ కట్టేశాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అద్దాన్ని ఐసోప్రొపైల్‌తో మూడుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచాను. శానిటైజర్ పొర నిజంగానే ఉంది, మొదటి గుడ్డ జిగటగా అయిపోయింది. తర్వాత మందు పల్చగా రాసి, ఫోన్ ఆపేసి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి తెల్లారేదాకా ముట్టుకోలేదు. పొద్దున్న పైన మిగిలింది మెత్తగా తుడిచేశాను.

ఇప్పుడు కీబోర్డు చోట బొట్టు నిలబడుతోంది. కెమెరా పక్కన నిలబడినంత గుండ్రంగా లేదు, వంచితే కొంచెం ఆగి జారుతోంది, కానీ పరుచుకోవడం లేదు. మరక ఒకటి రెండు తుడుపులతో పోతోంది. కాటా దగ్గర ఫోన్ జిప్ కవర్లోనే ఉంటోంది, అమ్మ ఫోన్‌కి కూడా ఒకటి తొడిగాను. ప్రతి ఆదివారం అదే రెండు చోట్ల బొట్టు వేసి ఫొటో తీస్తున్నాను, ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక్కడే రాస్తాను.